ఒక్క విద్యార్థి ఎక్కువైనందుకు

మధ్యాహ్నం మనవడు శ్రీధర్ ఆడిన ఛాంపియన్‌షిప్ ఫుట్‌బాల్ ఆట చూసి వచ్చాను, బంతి పట్టుకున్నవాడి మీద పడి పడగొట్టే అమెరికా ఫుట్‌బాల్. ఇక్కడ న్యూజెర్సీలో విద్యార్థుల సంఖ్యను బట్టి బడులను గ్రూపులు చేసి పోటీలు పెడతారు. నిరుడు చిన్న గ్రూపులో ఉన్న మా పిల్లల బడి ఈ ఏడు పెద్ద గ్రూపులోకి వెళ్ళింది. అవతలి పిల్లలు ఒక్కొక్కరు మావాడికి రెండింతలున్నారు.

"మనల్ని వీళ్ళతో ఎందుకు కలిపారే?" అని మనవరాలు వాణిని అడిగాను.

"చిన్న గ్రూప్ లిమిట్ కన్నా ఒక్క స్టూడెంట్ ఎక్కువయ్యారట, నానమ్మా. ఆ ఎక్స్‌ట్రా నువ్వేనని కోచ్ నన్ను టీజ్ చేస్తాడు."

అన్న కళ్ళెదుట ఉంటుందని, దూరపు ప్రైవేటు బడి మాన్పించి వాణిని ఈ ఏడే శ్రీధర్ బడిలో చేర్పించింది నేనే.

అంతలో ముగ్గురు శ్రీధర్ మీద పడ్డారు. వాళ్ళు లేచారు. వాడు లేవలేదు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. నలభై మూడు దగ్గర మోకాలి మీద లేచి చెయ్యి ఊపాడు.

"చూశావా, హీ ఈజ్ ఫైన్," అంది వాణి.

ఓడిపోయారు. వచ్చే ఏడు కూడా ఆడతానంటున్నాడు. వాణిని మళ్ళీ పాత బడికి పంపిస్తే చిన్న గ్రూపులో వేస్తారా? తెలిసినవారు చెప్పండి.