రత్నగారి మూకుడులో మాడిన ఉల్లి

ఈ ఉదయం సిడ్నీలోని హారిస్ పార్క్‌లో పప్పులు కొనుక్కుని స్టేషను వైపు నడుస్తుండగా, ఏ ఇంటి కిటికీలోనుంచో ఎండురొయ్యల ముద్దను సెగమీద కాలుస్తున్న వాసన వచ్చింది. కృష్ణా తీరాన పుట్టినవాణ్ణి గనుక ఆ వాసనకు అడుగు దానంతట అదే ఆగుతుంది. అయితే మనసులో మెదిలినది మా సొంతూరి వంటిల్లు కాదు. వెస్ట్‌మీడ్‌లో మేము అద్దెకున్న రెండో అంతస్తు, మా ఎదురింటి తలుపు, ఆ తలుపు వెనుక పొయ్యి ముందు నిలబడి ఫోనుతో నవ్వుతూ మాట్లాడే రత్నగారు. ఆవిడది ఇండోనేషియాలోని జావా ద్వీపం. పనిరోజుల్లో ఆసుపత్రి వంటశాలలో కొలువు. సెలవు రోజుల్లో తన వంటను వీడియోలుగా తీసి అంతర్జాలంలో ఉంచడం వ్యాపకం. ఆ వీడియోలకోసం వేలాదిమంది ఎదురుచూస్తారని ఎరగక, పాపం ఒంటరిది, తనలో తాను మాట్లాడుకుంటున్నదని నేను చాలాకాలం జాలిపడ్డాను.

అప్పటికి నాకు యాభై రెండేళ్లు. ఇరవై ఆరేళ్లు స్వదేశంలో వ్యాకరణమూ ప్రబంధమూ బోధించి, నర్సు ఉద్యోగం వచ్చిన నా భార్య సునీత వెంట సిడ్నీ చేరి, ఇక్కడి బడుల్లో భాష నేర్పే అర్హతకోసం మళ్లీ విద్యార్థినయ్యాను. ఆ అర్హత రాకపోతే తరగతి గది అనేది నా జీవితంలో ముగిసినట్టే. రాతపరీక్షలన్నీ నెగ్గాను. నెగ్గనిది ఒక్కటే: పిల్లలకు పాఠం చెబుతూ ఇరవై నిమిషాల వీడియో తీసి సమర్పించాలి. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి హాలులో తెలుగు పిల్లలకు నేను నడిపే తరగతిలో, తల్లిదండ్రుల అనుమతితో రెండుసార్లు తీశాను. రెండూ తిరిగి వచ్చాయి. రెండవదాని కింద అధ్యాపకురాలు ఒకే వాక్యం రాసింది: ఇందులో మీ గొంతు తప్ప మరొకటి వినిపించలేదు. మూడవది ఆఖరి అవకాశం.

“ఏమండీ, ఎదురింటి రత్నని అడక్కూడదూ? కెమెరా అంటే ఆవిడకి మంచినీళ్లు తాగినంత ఈజీ,” అన్నది సునీత, డ్యూటీకి బయలుదేరుతూ.

“వంటల వీడియోలు తీసుకునేవారి దగ్గర నేను బోధన నేర్చుకోవాలా?”

“యూనివర్సిటీకెళ్లి నేర్చుకున్నది చూశాంగా, టూ టైమ్స్ ఫెయిల్. ఈగో ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లి అడగండి.”

అడిగాను. రత్నగారు సంతోషించి, తాను వండేటప్పుడు ఫోను పట్టుకుని నిలబడితే చాలు, చూసి నేర్చుకోవచ్చునన్నది. మా సంభాషణంతా ఇద్దరికీ సొంతం కాని ఇంగ్లీషులోనే. నేను పంతులునని తెలిసి, తమ దేశపు మర్యాద ప్రకారం ‘పాక్ గురు’ అని పిలవసాగింది, గురువుగారూ అన్నట్టే. యూనివర్సిటీ విద్యార్థిని తమ భాషలో ‘మహాసిస్వా’ అంటారని కూడా చెప్పింది. యాభై దాటి మహాశిష్యుణ్ణయినందుకు నాకు లోలోపల కొంత గర్వం కలిగింది. ఆవిడ ఫోనువైపు చూసి ఏదో ప్రశ్న అడిగి, మిరపకాయలు నూరడం ఆపి, కాసేపు ఊరకుండేది. “ఎవరి జవాబుకోసం ఆగుతున్నారు?” అని ఒకనాడు అడిగాను. “వాళ్లు చెబుతున్నారు కదా పాక్ గురు. నాకు వినపడకపోయినంత మాత్రాన మధ్యలో అడ్డుపడతానా?” అన్నది.

ఒక మధ్యాహ్నం ఆవిడకు పనికి పిలుపు వచ్చింది. తీసిన వీడియోను ముందూ వెనుకా కాస్త కత్తిరించి ఉంచమని నాకు అప్పగించి వెళ్లింది. ఆ విద్య మాకు తరగతిలో నేర్పారు. ఆ వీడియోలో ఆవిడ మాటల ధ్యాసలో పడి మూకుడులోని చిన్న ఉల్లిపాయలను నల్లగా మాడ్చింది. పొగకు గోడమీది అలారం కూసింది. తువ్వాలు విసురుతూ, దగ్గుతూ, నవ్వుతూ, మూకుడు గీకి మళ్లీ మొదలుపెట్టింది. నేను ఆ భాగమంతా ఎంతో జాగ్రత్తగా తొలగించాను. తాళపత్రంలోని లేఖకదోషాలు సవరించినవాడికి కలిగే తృప్తి కలిగింది.

సాయంత్రం ఆవిడ వచ్చి రెండుసార్లు చూసింది.

“చాలా శుభ్రంగా ఉంది. నా ఉల్లిపాయలేవి?”

“మాడిపోయాయి కదండీ. నలుగురూ చూస్తే మీకు చిన్నతనమని తీసేశాను.”

ఆవిడ కోపగించలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, పాత వీడియోల కింద చూసినవారు రాసిన మాటలను ఒక్కొక్కటే నాకు అర్థం చెప్పింది. ఎక్కువమంది పరదేశాల్లో, పరాయి ఇళ్లలో పనికి కుదిరిన స్త్రీలు.

“వీళ్లకు వంట రాదనుకున్నారా? నాకన్నా బాగా వండుతారు. ఏదైనా మాడితే ఇంటావిడ అరుస్తుందని రోజంతా బెదురుతూ వండుతారు. పని తెమిలాక నా దగ్గరికొస్తారు. ఇక్కడా మాడుతుంది, కానీ ఎవరూ అరవరు. వాళ్లు వచ్చేదే దానికోసం. మీరు సరిగ్గా దాన్నే తీసేశారు.”

ఆ భాగాన్ని తిరిగి అతికించి, నాకు టీ పెట్టింది. నేను ఇంటికి వచ్చి, తిరిగివచ్చిన నా రెండవ పాఠాన్ని మొదటిసారిగా పిల్లలవైపునుంచి విన్నాను. జోయానా అనే ఎనిమిదేళ్ల పిల్ల “మేము బీచ్‌కి వెళ్లినప్పుడు వాటర్...” అనగానే నా గొంతు: “నీళ్లు అనాలి.” ఆ పిల్ల “నీళ్లు” అన్నది. మరి మాట్లాడలేదు. ఇరవై ఆరేళ్లలో ఇలా ఎందరి నోటిమీద చేయి వేశానో. దోషం దొరికిన మరుక్షణమే దాన్ని అందుకోవడం పాండిత్యమని నమ్మినవాణ్ణి. మంచి మనసుతోనే చేశాను. ఉల్లిపాయలు తీసినప్పుడూ మంచి మనసుతోనే తీశాను.

మూడవ పాఠానికి రత్నగారే వచ్చి ఫోను పట్టుకున్నది. బీచ్ కథ పూర్తిగా చెప్పమని జోయానాను బతిమాలాను.

“డాడీ ఫోన్ వాటర్‌లో డ్రాప్ అయింది,” అని ఆగి, నావైపు చూసింది. నా నాలుక పళ్లదాకా వచ్చింది. పెదవులు బిగించాను. నేను అడ్డుపడనని తేల్చుకోవడానికి ఆ పిల్లకు కొంతసేపు పట్టింది. “మమ్మీ ఫుల్‌గా నవ్వింది. డాడీ నవ్వలేదు.”

“ఫోన్ బతికిందా?” అన్నది వెనుకబెంచీ పిల్ల.

“రైస్‌లో పెట్టాం. తర్వాత ఆ రైస్ అమ్మమ్మ వండేసింది.”

హాలంతా నవ్వింది. ఆపైన ఒక్కొక్కరూ తమ ఇంటి కథ ఎత్తుకున్నారు. వారు ఇంగ్లీషులో అన్న మాటలను నా జవాబుల్లో తెలుగులో పలుకుతూ పోయాను. కొందరు తీసుకున్నారు, కొందరు తీసుకోలేదు. తెలుగు ఒక్క ముక్క రాని రత్నగారు ఫోను కదలకుండా పట్టుకుని కళ్లతో నవ్వుతున్నది. ఆ వీడియో నెగ్గింది.

మరుసటి ఏడాది ఆవిడ స్వదేశానికి వెళ్లిపోయింది. ఆవిడ వంటలను ఇప్పటికీ చూస్తాను. అప్పుడప్పుడు మాడుతూనే ఉంటాయి. బడిలో ఉద్యోగం దొరికి, నేను నిశ్చింతగా బోధిస్తున్నాను. తప్పు వినగానే నాలుక నేటికీ కదులుతుంది. పెదవులు బిగించి కూర్చోవడం మాత్రం ఆవిడ పెట్టిన అలవాటు. మొన్న ఒక అమ్మాయి సగం ఇంగ్లీషు, సగం తెలుగులో తన చెల్లెలి సంగతి చెబుతూ, మాటకోసం మధ్యలో వెతుక్కుంటూ నిలబడిపోయింది. గంట మోగింది. తక్కినవారు సంచులు తీసుకుని వెళ్లిపోయారు. ఆ పిల్ల కదలలేదు. వాక్యం పూర్తిచేసి మరీ వెళ్లింది. నేనూ అంతవరకు కూర్చునే ఉన్నాను.