బాయర్ర

సిద్దిపేటలో మేము కిరాయికున్న ప్రతి ఇంటికీ ఒక ఇంటామె ఉండేది. ఇల్లు ఎవరిదో ఆమె ఇంటామె. ఆమె పేరుతో మనకు పని లేదు, ఆమె మాటతోనే పని. ఒక ఇంటామె నేను నల్లా దగ్గర నీళ్ళు పడుతుంటే పక్కనే నిలబడి నా బిందెల వంక చూసేది. ఇంకో ఇంటామె గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు, అందుకని క్యాలెండర్‌ను తలుపు గొళ్ళేనికి తగిలించుకున్నాం. తలుపు తీసినప్పుడల్లా క్యాలెండర్ కూడా మాతో పాటు బయటికి వచ్చి లోపలికి పోయేది.

చివరి ఇంటామె నా ఉద్యోగం మీదే పడింది. నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌ని. నెలలో కొన్నాళ్ళు రాత్రి డ్యూటీ పడేది. “ఆడమనిషి తెల్లారంగ ఇంటికొస్తే నలుగురు ఏమనుకుంటరు? మాకు గూడ ఓ ఇజ్జత్ ఉన్నది గద” అని మా అత్తతో అంది, నాకు వినబడేటట్టు. నాకు ఒళ్ళు మండింది. నా డ్యూటీకీ ఆమె ఇజ్జత్‌కూ సంబంధం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఇంకే ఇంటామె ముందూ నిలబడేది లేదని.

ఎనభైల చివర్లో పాత ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. రాతి గోడలు, పైన పెంకులు, కింద షాబాదు బండలు, వెనక చిన్న వాకిలి. నా ఆఫీసులో అప్పు పెట్టి కొన్నాం కాబట్టి రిజిస్ట్రేషన్ నా పేరు మీదే అయింది. మా ఆయన గజ్వేల్‌లో ఒక దవాఖానలో కంపౌండర్. పొద్దున బస్సెక్కితే పొద్దుగూకినాకే దిగేవాడు. అందుకని ఇంటి మంచిచెడ్డలన్నీ నా మీదా, మాతోనే ఉండే మా అత్త మీదా పడ్డాయి. గృహప్రవేశం అయిన మర్నాడు నేను చేసిన మొదటి పని గోడకు మేకు కొట్టడం. అవసరం ఉండి కాదు. కొట్టి, కాసేపు చూసి, ఆ తర్వాత దానికి ఏం తగిలించాలా అని ఆలోచించాను.

ఇంటికి నైరుతి మూలన, అంటే దక్షిణానికీ పడమటికీ మధ్య, అసలు ఇంటికి అతికించినట్టు ఒక గది ఉండేది. దాని తలుపు వాకిట్లోకి తెరుచుకునేది. అమ్మినాయన ఇల్లు చూపిస్తూ “గిది బాయర్ర” అన్నాడు. మా వైపు గదిని అర్ర అంటారు. తలుపు బయటికి ఉంది కాబట్టి బయటి అర్ర, నోరు తిరిగి బాయర్ర అయిందని మేమంతా అనుకున్నాం. మేము కూడా అట్లాగే అనడం మొదలుపెట్టాం. చెప్పులు బాయర్రలో, బొగ్గులు బాయర్రలో, చుట్టాలొస్తే పడక బాయర్రలో.

మొదటి వానలకే ఆ గదీ ఇల్లూ కలిసే చోట గోడకు పగులు వచ్చింది. పై నుంచి కిందికి, సన్నగా. మేస్త్రీని పిలిస్తే సిమెంటు తెచ్చి పూడ్చాడు. “పాతిల్లు గదమ్మా, జర సర్దుకుంటది” అన్నాడు. అది సర్దుకుంది, కానీ అవతలికి సర్దుకుంది. సిమెంటు పక్కనే కొత్త పగులు వచ్చింది. మేస్త్రీ మళ్ళీ వచ్చి మళ్ళీ పూడ్చి, మళ్ళీ అదే మాట చెప్పాడు. మూడోసారి పిలవడానికి నాకే సిగ్గేసింది.

అప్పుడు ఆఫీసు నుంచి చిత్తు కాగితాలు తెచ్చాను. ట్రంకు కాల్స్ రాసుకునే పొడుగాటి చీటీలు. మైదా ఉడికించి, పగులుకు అడ్డంగా ఒక చీటీ అంటించాను. గోడ కదలకపోతే చీటీ ఉంటుంది, కదిలితే చిరుగుతుంది. మా అత్త అది చూసి, “గోడకు దవాఖాన పట్టీ కడుతున్నవా” అంది. ఒక వాన పడి వెలిసింది. చీటీ నిలువునా చిరిగింది.

సరిగ్గా అప్పుడే మా బావ దిగాడు. మా ఆయన అన్న. చిన్నకోడూరులో ఎరువుల దుకాణం. దుకాణంలో కూర్చుని వాస్తు నేర్చుకున్నాడో, వాస్తు కోసమే దుకాణం పెట్టాడో చెప్పలేను కానీ, ఎవరింటికి పోయినా కూర్చోకముందే మూలలు చూసేవాడు. మా గోడ చూసి ఒక్కసారి మూలిగాడు.

“నైరుతి తేలికైంది. నైరుతి ఎప్పుడైన బరువుండాలె. బరువు పెట్టున్రి, గోడ అదే గమ్మునుంటది.”

మేము బరువు పెట్టాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు నడుములు పడిపోయాయి. ఇనుప బీరువాను నలుగురు మోసుకెళ్ళి ఆ గదిలో పెట్టారు. మా అత్త రోలు పోయింది, విసుర్రాయి పోయింది. బావ చాలదన్నాడు. ఎడ్లబండి మీద బండరాళ్ళు తెప్పించి మూలన పేర్పించాడు. గోడకు కొత్త చీటీ అంటించాను. ఈసారి అది చిరగడానికి వాన కూడా అక్కరలేకపోయింది. పగుల్లో నా చిటికెన వేలు పట్టింది. గది తలుపు సగంలో ఇరుక్కుని అటూ ఇటూ కాకుండా ఆగిపోయింది.

బావ మళ్ళీ వచ్చాడు. ఈసారి మూలలు చూడలేదు, మా ఆయనను చూశాడు.

“తమ్మీ, గీ ఇల్లు మీకు అచ్చిరాలే. అమ్ముకోన్రి. తీసుకునేటోడు నా ఎరికల ఉన్నడు. ధర తక్కువొచ్చినా మంచిదే, మనుషులు బాగుండాలె.”

మా ఆయన కిమ్మనలేదు. మా ఆయన కిమ్మనలేదంటే సగం ఒప్పుకున్నట్టు. మా అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, “బిడ్డా, పెద్దోడు చెప్పేది గూడ ఇను. కిరాయింట్ల మంది బతుకుతలేరా?” అంది. బతకడం లేదని నేననలేదు. నేను బతికాను. ఎట్లా బతికానో నాకు తెలుసు. ఆ మాట విన్నాక నా కళ్ళ ముందు పగిలిన గోడ లేదు, తలుపు గొళ్ళేనికి వేలాడే క్యాలెండర్ ఉంది. ఆ సాయంత్రం నాకు నిజంగా భయమేసింది, గోడ కూలుతుందని కాదు, ఇల్లు పోతుందని.

మర్నాడు వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే పక్కింటి ఖాలా ప్రహరీ మీంచి పలకరించింది. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, అందరూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళు. పెద్దావిడ, ఆ గల్లీలోకి కోడలిగా వచ్చి అక్కడే ముసలిదైంది. మా ఇంటికి రాళ్ళ బండి వచ్చిన రోజు నుంచి ఆమెకు మనసాగడం లేదు.

“బేటీ, ఓ మాట అడుగుత. బాయర్రల గంత బరువు ఎందుకు పెడుతున్రు? కిందికి పోదా?”

“ఎందుకు పోతది ఖాలా?”

“బాయి మీద కట్టింది గదా.”

నా చేతిలో చీర నీళ్ళు కారుతూ అట్లాగే ఉండిపోయింది. బాయి అంటే మా వైపు బావి. బయటి అర్ర కాదు. బాయి అర్ర. బావిని పూడ్చి, దాని మీద కట్టిన అర్ర.

ఖాలా నెమ్మదిగా చెప్పింది. వెనకటి వాళ్ళకు ఇంట్లో ఏదో కష్టం వస్తే ఎవరో వచ్చి నైరుతిలో బావి ఉండొద్దన్నాడట. వాళ్ళు చెత్తా చెదారం, మట్టీ, పెంకులూ పోసి బావిని పూడ్చారట. నైరుతి బరువుండాలని ఆయనే చెబితే, ఆ పూడ్చిన దాని మీదనే గది లేపారట. “మస్తు నీళ్ళుండె అండ్ల. మా ఇంటికి గూడ గీడికెళ్ళే తీస్కపోతుంటిమి” అంది.

“మరి మాకు ముందే చెప్పొద్దా ఖాలా?”

“మీకు ఎరికే అనుకున్న బేటీ. మీరే పొద్దుమాపు బాయర్ర, బాయర్ర అనవడ్తిరి.”

ఆమె అన్నది నిజమే. ఇన్నాళ్ళూ ఆ గది తన సంగతి తాను మా నోటితోనే చెప్పించింది, మేమే వినలేదు. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. బావి మీద గది కట్టిన వాళ్ళ మీద కోపం, దాని మీదికి రాళ్ళు మోయించిన బావ మీద కోపం, మోసిన మా మీద కూడా. కానీ అన్నిటికంటే ఎక్కువగా ఊపిరాడింది. ఇల్లు చెడ్డది కాదు. అచ్చిరాకపోవడమూ లేదు. కింద గొయ్యి ఉంది, అంతే.

మేస్త్రీని పిలిపించి అసలు ఇంటి పునాది పక్కన తవ్వించాను. రొమ్ము లోతు దాకా రాయి మీద రాయి, ఎక్కడా కదల్లేదు. బాయర్ర వైపు తవ్వితే పునాదే లేదు, పారకు పెంకు ముక్కలూ బూడిదా వచ్చాయి. కుంగేది ఆ గది ఒక్కటే. కుంగుతూ ఇంటి గోడను తనతో గుంజుకుపోతోంది. గదిని విప్పేస్తే ఇల్లు నిలబడుతుంది.

“విప్పినంక ఆ గుంతను ఏం చేద్దామమ్మా? మళ్ళ పూడుద్దామా?” అని మేస్త్రీ అడిగాడు.

“పూడ్చుడు అయింది గద ఒకసారి. పూడిక తీయిద్దాం. బాయి బాయి తీరుగనే ఉండనీ” అన్నాను.

ఆ మాట చిన్నకోడూరు దాకా ఎట్లా పోయిందో గానీ, ఆదివారం పొద్దున్నే బావ వచ్చాడు. ఈసారి చెప్పులు కూడా విడవలేదు. వాకిట్లో మేస్త్రీ, మా ఆయన, మా అత్త, ప్రహరీ అవతల ఖాలా, అందరూ ఉన్నారు.

“నైరుతిల బాయి తెరుస్తవా? నీకేమన్న ఎరికేనా? నైరుతిల బాయి ఉంటె ఇంటి యజమానికి కీడు.”

మా అత్త ముఖం పాలిపోయింది. మా ఆయన చెయ్యి పట్టుకుని, “నా కొడుకుకు ఏమన్న అయితె ఎవ్వలు జవాబు చెప్తరు?” అంది. మేస్త్రీ గడ్డపార కింద పెట్టేశాడు.

నేను గట్టిగా అరవలేదు. ఎక్స్‌చేంజ్‌లో నేర్చుకున్న గొంతుతోనే చెప్పాను.

“బావా, గీ ఇంటికి యజమానిని నేను. కాయిదం నా పేరు మీదున్నది. కీడొస్తే నాకే రావాలె గద. రానీ. మీ తమ్మునికి ఏం గాదు.”

వాస్తు పుస్తకంలో యజమాని ఆడమనిషి అయితే ఏమవుతుందో బావ చదివినట్టు లేదు. నేను మా అత్త వంక చూశాను. ఆమె ముఖంలో భయం పోయింది. కొడుకు చెయ్యి వదిలేసి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు గుచ్చుకుంది. కీడు కోడలికే అయితే ఫరవాలేదన్నమాట. బావ అన్నవన్నీ మరిచిపోయాను గానీ, ఆ ఊపిరి మాత్రం చాలా కాలం మరిచిపోలేదు.

గడ్డపార మా ఆయన అందుకున్నాడు. పోయి, ఇరుక్కున్న తలుపు చట్రం కింద పెట్టి ఒక్క పోటు పొడిచాడు. అది చూసి మేస్త్రీ కూడా లేచాడు.

గది విప్పాం. బీరువా మళ్ళీ ఇంట్లోకి వచ్చింది, రోలు వాకిట్లోకి వచ్చింది. బావ తెప్పించిన బండరాళ్ళు మాత్రం వృథా పోలేదు, పగిలిన గోడను కింది నుంచి కొత్తగా లేపడానికి అవే వాడించాను. పూడిక తీసేవాళ్ళు వచ్చి రోజుల తరబడి తట్టలెత్తారు. పగిలిన కుండలు, సైకిల్ రిమ్ము, తెగిన చెప్పులు, ఒక వీధి మొత్తం పారేసినవి బయటికి వచ్చాయి. లోపల బావి రాతికట్టు చెక్కుచెదరలేదు. అడుగున తడి కనిపించిన రోజు ఖాలా ఇంట్లోంచి బెల్లం తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది. నేను కొత్త గోడకు చీటీ అంటించాను. వానాకాలం మొత్తం పోయింది. చీటీ రంగు మారింది కానీ చిరగలేదు.

తర్వాతి ఎండాకాలాల్లో సిద్దిపేటలో నల్లాలు ఎప్పుడొచ్చేవో ఎవరికీ తెలిసేది కాదు. మా గల్లీ వాళ్ళు బిందెలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. నైరుతి అని ఎవరూ అడగలేదు. నేను ఎవరి బిందెల వంకా చూడలేదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం బావ వచ్చాడు. ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చి, అరుగు మీద కూలబడి తల్లిని పిలిచి, “అవ్వా, సల్లటి నీళ్ళియ్యి” అన్నాడు. మా అత్త చెంబు తెచ్చింది. ఆయన నోటి దాకా తీసుకుని ఆగాడు.

“యాడియి నీళ్ళు?”

నేను లోపల డ్యూటీకి చీర మార్చుకుంటున్నాను. రాత్రి డ్యూటీ. మా అత్త ఏం చెబుతుందా అని చెయ్యాపి విన్నాను. ఒక్క క్షణం తడుముకుంటుందేమో అనుకున్నాను.

“బాయియి” అంది మా అత్త. “ఇంటామెది. తాగు, ఆమె ఏమనదు.”