టైరు కింది రాయి

ఆరేండ్ల కింది ముచ్చట. మాది రామన్నపేట దగ్గర పల్లె. నా పాత డీజిల్ కారు చలికాలం పొద్దుగాల స్టార్ట్ కాకపోతుండె. "ఇంజన్ ఏడెక్కిచ్చే హీటర్ ప్లగ్గులు కాలిపోయినయి, మార్చు తాతా" అని మెకానిక్ ఎన్నోసార్లు చెప్పిండు. నేను ఇనలే. రాత్రి వాలు మీద నిలబెట్టి, టైరు కింద రాయి పెట్టి, పొద్దున రాయి తీసి దొర్లించి స్టార్ట్ చేస్తుంటి.

ఆ రోజు అలంపూర్ జోగులాంబ గుడికి పోదామని నా భార్య ముందే ఎక్కి కూసుంది. హ్యాండ్ బ్రేకు ఏసిననుకొని రాయి తీసిన. కారు కదిలింది. వాలు కింద గోడ లేని బాయి. తలుపు పట్టుకొని ఉరికి, బోర్లపడ్డ. "దునుకు!" అని ఒర్రిన. కారు పోయి పెంటకుప్పకు గుద్దుకొని ఆగింది. బాయి ఇంకో రెండడుగులే.

ఆమె దిగి, "జోగులాంబ కాడికంటివి, బాయిలకా తీస్కపోయేది?" అన్నది.

ఆ రోజే ప్లగ్గులు మార్పించిన. అయినా ఇయ్యాల్టికీ నేను స్టీరింగ్ ముందు కూసున్నంకనే ఆమె కారెక్కుతది.