పలకరాయి మీద రేసుకార్లు

మార్కాపురంలో మా వీధి వైండింగ్ చిన్నాయన పోయిన నెల కన్నుమూశాడు. ఆయన కూతురు ఫోన్ చేసి, "అన్నా, నాయన పోయినాడు. పొద్దున కాఫీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్లే" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నలభై ఏళ్ళకు పైగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక చెప్పుకోవడానికి ఆయన లేడన్నదే ముందు తోచింది.

ఆయన మాకు చుట్టం కాడు. మా నాయన బట్టల దుకాణానికి ఎదురుగా, కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే షాపు ఆయనది. హనుమంతునిపాడు, వెలిగండ్ల వైపు నుంచి రైతులు బావి మోటార్లు బండ్ల మీద వేసుకొచ్చేవారు. చిన్నాయన మూత విప్పి ముందు వాసన చూసేవాడు. "నీళ్ళు లేకుండా తిప్పినావు కదన్నా?" అని అడిగితే రైతు తల దించుకునేవాడు. అంతే, ఇక ఆ సంగతి ఎత్తేవాడు కాదు.

కుర్రతనంలో మద్రాసులో పని నేర్చుకునేటప్పుడు ఒక ఎగ్జిబిషన్‌లో కరెంటుతో పరుగెత్తే చిన్న రేసుకార్లు చూశాడట. బల్ల మీద రోడ్డు, రోడ్డు పొడవునా సన్నటి గాడి. కారు కింద ఉన్న మేకు ఆ గాడిలో దిగి ఉంటుంది. గాడికి రెండు పక్కలా పరిచిన రాగితీగల నుంచి కారు కరెంటు తీసుకుంటుంది. చేతిలోని మీట ఎంత నొక్కితే అంత వేగం. మా ఊళ్ళో అలాంటి బొమ్మలు ఎవరూ అమ్మేవారు కాదు. ఉన్నదల్లా పలకరాయి. పలకల ఫ్యాక్టరీ వెనక పారేసిన బండలు ఏరుకొచ్చి, రంపపు ముక్కతో గాడులు కోసి, ఎనిమిది బండలు కలిపి కోడిగుడ్డు ఆకారంలో ట్రాక్ చేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ తానే చుట్టాడు. నూనె డబ్బా రేకుతో రెండు కార్లు, వాటిలో పాత టేప్ రికార్డర్ మోటార్లు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది.

ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలమంతా ఆ షాపు ముందే. ఆట మొదలయ్యే ముందు ఆయన కిరసనాయిలు గుడ్డతో తీగలన్నీ తుడిచేవాడు. నేను ఎప్పుడూ ఎర్ర కారే పట్టేవాణ్ణి. మలుపు దగ్గర ఆగలేక నొక్కితే అది ఎగిరి కాలవలో పడేది. "మలుపు కాడ వేలు వదలాల నాయనా. ఆడ నొక్కితే బండి నీ మాట వినదు" అనేవాడు. ఎవరి కారు పడినా రెండిటికీ కరెంటు ఆపేసేవాడు. "పడినోడు ఎక్కేదాకా ఆగండి." పచ్చ కారు పడినప్పుడల్లా నాకు ఆ పద్ధతి మీద కోపం వచ్చేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గిద్దలూరులో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. ట్రాక్ అడిగితే, "తీసుకపో. పిల్లోళ్ళు చూస్తారు" అన్నాడు. నా ఒక్కడితో బండలు కదలవని ఆ రోజు షాపు మూసేశాడు. గోనెపట్టలు చుట్టి, తానే బస్సు మీదికెక్కి సర్దాడు. అక్కడ బల్ల మీద పరిచి, తీగలు కలిపి, కార్లు తిప్పి చూపించాడు. మా బల్ల చుట్టూ జనం ఆగిపోయారు.

బహుమతులు నిర్ణయించే ఆఫీసరు వచ్చి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు.

"నేనే సార్" అన్నాను.

"మరి ఆయనెవరు?"

చిన్నాయన బల్ల కింద కూర్చుని ఊడిన తీగ బిగిస్తున్నాడు. మాసిన ఖాకీ చొక్కా, వార్నీషుతో నల్లబడిన చేతులు.

"సామాన్లు మోసేదానికి వచ్చినాడు సార్."

ఆయన మెల్లగా బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. ఆఫీసరు ఆయన్నే అడిగాడు, "నిజంగా ఈ పిల్లవాడే చేశాడా?"

ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. "అవును సార్. బుర్ర ఉన్న పిల్లోడు. నేను మోసుకొచ్చినా, అంతే."

మొదటి బహుమతి నాకే వచ్చింది. తిరుగు బస్సులో వేరుశనక్కాయల పొట్లం కొని నా చేతిలో పెట్టి, "ఆ సర్టిఫికెట్ మడత పడకుండా పట్టుకో. మీ నాయన చూసి సంతోషపడతాడు" అన్నాడు. మా నాయన దానికి ఫ్రేము కట్టించి దుకాణంలో తగిలించాడు. చిన్నాయన తల ఎత్తితే ఎదురుగా అదే కనిపించేది. నేను ఆదివారాలు అటు పోవడం మానేశాను. కొన్నాళ్ళకు ట్రాక్ కూడా షాపు ముందు నుంచి పోయింది. ఎందుకు తీసేశావని అడిగే ముఖం నాకు లేదు.

చదువుకుని కరెంటు శాఖలోనే ఉద్యోగంలో చేరాను. ఊరికొచ్చినప్పుడల్లా, "ఏం నాయనా, బాగుండావా?" అని ఆయనే పలకరించేవాడు. ఒకసారి చెప్పేద్దామని వెళ్ళాను. తీగ చుట్టు చుట్టుకీ లెక్కపెట్టుకుంటున్నాడు. "చిన్నాయనా, ఆ గిద్దలూరు సంగతి..." అనబోతే, లెక్క తప్పుతుందని వేలెత్తి ఆగమన్నాడు. ఆగాను. ఒక నిమిషం తర్వాత, ఆ వేలే సాకుగా బయటపడ్డాను. "ఉండు నాయనా, ఐపోయింది" అని వెనక నుంచి పిలిచాడు. నేను వినపడనట్టు నడిచాను. బాల్యంలో చేసినదానికంటే పెద్దవాడినయ్యాక చేసిన ఈ పని ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

మొన్న కర్మకు వెళ్ళాను. పెరట్లో ఆయన కూతురు నీళ్ళ తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఆమె నిలబడింది ఆ గాడుల బండల మీదే. నేను చూడడం చూసి, "ఇవి నువ్వు చేసినవే కదన్నా? నాయన మా అందరికీ చెప్పేవాడు. ఆ పిల్లోడి చేతిపని, పగలగొట్టొద్దండీ అనేవాడు" అంది.

ఈసారి నన్ను ఆపే వేలు లేదు.

"కాదమ్మా. మీ నాయన చేసినాడు. నేను అబద్ధం చెప్పినా."

గిద్దలూరులో ఏం జరిగిందో అంతా చెప్పాను. ఆమె చేతిలోని గిన్నె తొట్టి గట్టు మీద పెట్టింది.

"అయితే నాయన మాక్కూడా అబద్ధమే చెప్పినాడా, ఇన్నేండ్లు?"

"నా కోసం."

ఆమె తల వంచి కాళ్ళ కింద ఉన్న బండను చాలాసేపు చూసింది. తర్వాత ముందు ఒక కాలు, ఆ వెనక రెండో కాలు తీసి, పక్కనున్న బురదలోకి దిగి నిలబడింది.