చల్లారిన అన్నం, వేడెక్కిన లాప్‌టాప్

ద్రాక్షారామంలో కన్యకాపరమేశ్వరి గారి బియ్యం కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఆవిడ మాట వినరు, చేతులు చూస్తారు. "బీపీటీ బియ్యం పాతవే ఉన్నాయండి, కొత్తవి ఇంకా రాలేదు" అని నోటితో అంటూనే ఆవిడ చేతులు గాలిలో అదే సంగతి ఇంకోసారి చెప్పేస్తాయి. ఏళ్ల నాటి అలవాటు. కూతురు లక్ష్మీప్రసన్నకి పుట్టుకతోనే వినపడదు. ఆ పిల్లని బధిరుల బడిలో చేర్పించిన ఏడాది, చదువు పిల్ల ఒక్కదానికేనా అనుకుని, ఈవిడ కూడా వారం వారం వెళ్లి వెనక బల్ల మీద కూర్చుని, ఒకటో తరగతి పిల్లల దగ్గర సైగల భాష నేర్చుకుంది. తప్పులు పట్టుకుని పిల్లలు నవ్వితే తనూ నవ్వింది. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే ఆ తల్లీ కూతుళ్లు ఇవాళ ఇన్ని కబుర్లు చెప్పుకునేవాళ్లా?

అప్పట్నుంచి కూతురికీ లోకానికీ మధ్య ఆవిడే. ఆసుపత్రిలో, బ్యాంకులో, పెళ్లిళ్లలో ఎవరేమన్నా ఆవిడ చేతుల మీదుగా పిల్లకి చేరాలి. పిల్ల ఏమన్నా ఆవిడ నోటి మీదుగా బయటికి రావాలి. ఒక్కనాడూ విసుక్కోలేదు మహాతల్లి.

బియ్యం దగ్గర మాత్రం ఆవిడ ఎవరి మాటా నమ్మదు. మిల్లు నుంచి రెండు రకాల శాంపిళ్లు వస్తే గుప్పెడేసి తీసి, రెండు గిన్నెల్లో ఒకే కొలత ఎసరు పెట్టి వండుతుంది. వండి, మూతలు పెట్టి, తన పనిలో తాను పడిపోతుంది. మిల్లు మనిషి "వేడివేడిగా ఓ ముద్ద చూడండమ్మా" అని ఎంత బతిమాలినా సరే. "పొయ్యి మీంచి దించగానే అన్నీ బాగానే ఉంటాయి బాబూ. మా కొట్లో కొన్నవాళ్లు పొద్దున వండి రాత్రికి కూడా తింటారు. చల్లారనీ" అంటుంది. సాయంత్రం మూతలు తీస్తే ఒక గిన్నెలోది ముద్దకట్టి ఉంటుంది, రెండో గిన్నెలోది మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది బేరం.

లక్ష్మీప్రసన్న డిగ్రీ అయ్యాక బధిర పిల్లలకి పాఠాలు చెప్పే శిక్షణ కూడా పూర్తి చేసింది. ఆన్‌లైన్లో అలాంటి పిల్లలకి లెక్కలు చెప్పించే ఒక సంస్థ డెమో క్లాసుకి పిలిచింది. నెగ్గితే ఉద్యోగం. అంతకుముందు ఇంకో సంస్థ పిలిస్తే ఎవరిదో లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని కూర్చుంది. క్లాసు మధ్యలో అది చేతులెత్తేసింది. వినపడేవాళ్లకి బొమ్మ కాస్త ఆగినా మాట వస్తూ ఉంటుంది, సర్దుకుపోతారు. చేతులే మాటలైనచోట బొమ్మ ఆగిందంటే మాట ఆగినట్టే. వేలు ఎటు తిరిగిందో కనపడకపోతే పిల్లలకి ఏడేదో ఎనిమిదేదో ఎలా తెలుస్తుంది? "మీరు బాగానే చెప్పారు, కానీ సగం కనపడలేదు" అని వాళ్లు మెసేజ్ పెట్టారు. ఆ పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఈ రెండో అవకాశం కూడా అలా పోతే మళ్లీ ప్రయత్నించనని తల్లితో తెగేసి చెప్పింది.

కొత్త లాప్‌టాప్ కొనే స్థోమత అప్పుడు లేదు. అందుకని తల్లీ కూతుళ్లు బస్సెక్కి రాజమండ్రి వెళ్లి, కోటిపల్లి బస్టాండులో దిగి, పాత లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మే ఉదయభాస్కర్ కొట్టుకి చేరారు. మంచివాడు, కాస్త మాటకారి. వాళ్లు చెప్పిందంతా విని రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాడు.

"రెండూ ఎనిమిది తొమ్మిదేళ్ల నాటివేనండి. ఒకే సైజు ర్యామ్, రెండిట్లోనూ కొత్త ఎస్ఎస్‌డీ నేనే వేశాను. తేడా అంతా ప్రాసెసర్లోనే. ఇది పెంటియం ఎన్3710. నాలుగు కోర్లు. స్పీడు రెండున్నర గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతుంది. తేలిక, ఫ్యాను లేదు, చప్పుడు చెయ్యదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఇదేమో ఐదో తరం ఐ3, 5005యు. రెండే కోర్లు, కాకపోతే ఒక్కో కోరు రెండేసి పనులు అందుకుంటుంది. స్పీడు రెండు. ఎగరదు, దిగదు."

"మరి దీనికి రేటు తక్కువ చెప్పారేం?" అంది కన్యకాపరమేశ్వరి ఐ3 వైపు చూపించి.

"ఫ్యాను మోతండి బాబూ. పాతబడిపోయింది, మార్చినా అంతే. ఆన్ చేసి చూసి ఎవరూ తీసుకోవట్లేదు."

ఇక్కడ ఆవిడ అందరిలాగే పప్పులో కాలేసింది. నాలుగంటే రెండు కంటే ఎక్కువే కదా, బస్తాలు దించడానికి నలుగురొస్తే ఇద్దరికంటే నయమే కదా అనుకుంది. పైగా పెంటియం చకచకా తెరుచుకుంది. చూడటానికి నాజూగ్గా ఉంది, చప్పుడు లేదు. "ఇదే ఇచ్చెయ్యండి" అని పర్సు తీసింది. మిల్లు మనుషుల్ని మూడు చెరువుల నీళ్లు తాగించే మనిషి, లాప్‌టాప్ కొట్లోకి రాగానే నాలుగు అన్న అంకె విని పడిపోయింది చూడండి!

లక్ష్మీప్రసన్న తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత వేళ్లతో గుప్పెడు బియ్యం తీసినట్టు, గిన్నెలో పోసినట్టు, మూత పెట్టినట్టు చూపించి, కనుబొమ్మలెగరేసింది.

కన్యకాపరమేశ్వరి పర్సు మూసేసి పకపకా నవ్వింది. "మా అమ్మాయి వండి చూడమంటోందండి. మాకు క్లాసు రెండు గంటలు. రెండిటి మీదా అంతసేపూ వీడియో నడిపి చూసుకుంటాం. మీకేమన్నా ఇబ్బందా?"

ఉదయభాస్కర్ ఇలాంటి బేరం ఎప్పుడూ చూడలేదు. వచ్చినవాళ్లు నాలుగు మీటలు నొక్కి, ఒక పాట పెట్టి చూసుకుని వెళ్లిపోతారు. అయినా విసుక్కోకుండా రెండు కుర్చీలు వేసి, వైఫై కలిపి, "కూర్చోండమ్మా" అన్నాడు.

లక్ష్మీప్రసన్న బడినాటి స్నేహితురాలు మెర్సీకి వీడియో కాల్ చేసింది. మెర్సీకీ వినపడదు, చూపు మాత్రం డేగ చూపు. ముందు పెంటియం మీద మొదలుపెట్టారు. పాఠం బొమ్మలు ఒక పక్క, మనిషి ఒక పక్క, అచ్చం క్లాసులో లాగే. మొదట్లో ఇద్దరూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుకున్నారు, చేతులు మెరుపుల్లా కదిలాయి. అరగంట గడిచింది. లాప్‌టాప్ అడుగు వేడెక్కింది. అవతల మెర్సీ ముందుకి వంగింది, కళ్లు చికిలించింది, "మళ్లీ చెప్పు" అంది. కాసేపటికి మళ్లీ అంది. ఆ తర్వాత లక్ష్మీప్రసన్న చెయ్యి పైకి లేవడం మెర్సీకి కనిపించింది, కిందికి దిగడం కనిపించింది, మధ్యలో ఏం చెప్పిందో కనపడలేదు. గంట దాటాక ఇక పాఠం సాగలేదు.

"దాని తప్పు కాదండి. ఉత్తరాలు టైప్ చేసుకోవడానికి, సినిమా చూసుకోవడానికి బంగారంలాంటిది. కాసేపు పరిగెత్తగలదు, వేడెక్కితే తగ్గిపోతుంది. ఎక్కువసేపు బరువు మొయ్యమంటే పాపం మొయ్యలేదు" అన్నాడు ఉదయభాస్కర్, పిల్లాణ్ణి వెనకేసుకొచ్చినట్టు.

తర్వాత ఐ3 తీశారు. తెరుచుకోవడం పెద్ద గొప్పగా ఏమీ లేదు. కాల్ మొదలైన కాసేపటికే ఫ్యాను అందుకుంది. పిండిమర పక్కన కూర్చున్నట్టే ఉంది. పక్క కొట్టువాళ్లు తొంగి చూశారు. కానీ అవతల మెర్సీ వెనక్కి వాలి, కాళ్లు మడిచి, తీరిగ్గా కూర్చుంది. గంట గడిచినా "మళ్లీ చెప్పు" అన్న మాట లేదు. రెండు గంటలయ్యేసరికి స్నేహితురాళ్లిద్దరూ పాఠం సంగతి ఎప్పుడో మరిచిపోయి, ఎవరి పెళ్లి గురించో తెగ నవ్వుకుంటున్నారు.

ఉదయభాస్కర్ సంతోషించాడు గానీ, అమ్మేవాడి మొహమాటం కొద్దీ, "అంతా బాగానే ఉందండి, ఆ మోత ఒక్కటే..." అని ఏదో అనబోయి, లక్ష్మీప్రసన్నని చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఆ పిల్ల అతని మొహం చూసింది. లాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురు పట్టుకుని, ఏమన్నాడని తల్లిని అడిగింది. కన్యకాపరమేశ్వరి చేతులు ఆగిపోయాయి. ఎన్నో మాటలు చేరవేసింది గానీ, నీకు వినపడదు కాబట్టి ఇది నీకు పనికొస్తుంది అన్న మాట కన్న కూతురికి ఎలా చెబుతుంది? అయినా ఏదీ దాచే అలవాటు లేని మనిషి కాబట్టి చెప్పేసింది.

లక్ష్మీప్రసన్న ఒక్క క్షణం చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. "ఆ గోల మీరు పడండి. నాకేంటి? నాకోసమే ఇన్నాళ్లూ ఎవరూ కొనలేదు" అంది చేతులతో. తల్లి ఆ మాట పైకి చెబితే ఉదయభాస్కర్ కూడా నవ్వేశాడు. తక్కువ రేటులో ఇంకాస్త తగ్గించి మరీ ఇచ్చాడు.

డెమో రోజున లక్ష్మీప్రసన్న గదిలో కూర్చుంది, కన్యకాపరమేశ్వరి గుమ్మం ఇవతల నిలబడింది. ఎప్పుడు ఏ మాట అందకపోయినా తను లోపలికి వెళ్లి అందించాలి కదా మరి. లోపల ఫ్యాను హోరు. అది ఏమాత్రం మారినా ఆవిడ గుమ్మంలోంచి తెర వైపు తొంగి చూసేది. భిన్నాలు అయ్యాయి, దశాంశాలు మొదలయ్యాయి. తెర మీద ఒక పిల్లాడు అడ్డంగా ప్రశ్న వేస్తే లక్ష్మీప్రసన్న నవ్వుతూ రెండు రకాలుగా చెప్పింది. వాడు బుర్ర ఊపాడు. చివర్లో పిల్లలంతా చేతులు పైకెత్తి వేళ్లాడించారు. వాళ్ల చప్పట్లు అవి.

పిల్లలు వెళ్లిపోయాక సంస్థ నడిపే పెద్దావిడ తెర మీదికి వచ్చింది. ఆవిడకీ వినపడదన్న సంగతి ఇవతలున్న తల్లికి తెలీదు. ఇక తన పని పడిందనుకుని కన్యకాపరమేశ్వరి పమిట సర్దుకుని గదిలోకి అడుగుపెట్టింది. లక్ష్మీప్రసన్న తల తిప్పకుండానే అరచెయ్యి చూపించింది, ఉండమ్మా అన్నట్టు. అటు ఆవిడ చేతులు, ఇటు ఈ పిల్ల చేతులు ఎడతెరిపి లేకుండా మాట్లాడుకుంటున్నాయి. కన్యకాపరమేశ్వరి ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఇంకొకటి వేసింది. నెత్తి మీంచి ఎవరో బరువు దించినట్టుంది, ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంది. కళ్లు తుడుచుకుని మెల్లగా ఇంటి ముందరి కొట్లోకి వచ్చేసింది.

తూకం దగ్గరున్న భర్త జోగేశ్వరరావు ఆత్రంగా లేచాడు. "ఏంటి, ఏమన్నారు?"

"నాకేం తెలుసండీ? వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు."

ఆయన నోరెళ్లబెట్టాడు. కూతురి గురించి ఆవిడకి తెలియని మాట ఒకటి ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఇంట్లో అనువాదానికి భార్య ఉంది కదా అని, ఆయన సైగల భాష 'అన్నం తిన్నావా' దగ్గరే ఆగిపోయింది.

కాసేపటికి లక్ష్మీప్రసన్న పరుగున వచ్చి తండ్రి ఎదుట నిలబడింది. మొహం వెలిగిపోతోంది. చేతులు గబగబా కదిలించింది. ఆయన అలవాటు చొప్పున భార్య వైపు తిరిగాడు. కన్యకాపరమేశ్వరి చేతులు రెండూ బియ్యం బస్తాలో పెట్టేసి, అటు చూడకుండా ఊరుకుంది. తప్పనిసరై ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల మళ్లీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా, ఒకటో తరగతి వాళ్లకి చెప్పినట్టు. ఆయన కళ్లప్పగించి ఆ చేతులే చూస్తూ, అర్థమైనంతవరకూ పెదవులతో కూడబలుక్కుంటూ, "ఉద్యోగం... సోమవారం... నుంచి" అన్నాడు.