రొయ్యల చెరువు మట్టి, మా పెరటి కప్పలు

మాది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు. నాకు మాటలు రాకముందే బేరం వచ్చిందని ఇంట్లో ఎగతాళి చేసేవారు. కొట్లో పెరిగినవాడికి ఒక అలవాటు అబ్బుతుంది. ఏ సరుకైనా నోట్లో వేసుకోనిదే ధర మాట్లాడడు. బెల్లం గిల్లుతాడు, బియ్యం కొరుకుతాడు, ధనియాలు నలిపి వాసన చూస్తాడు. ఉప్పు బస్తా దిగినా సరే, మా నాన్న ఒక రవ్వ నాలుక మీద వేసుకుని కాసేపు కళ్ళు మూసుకునేవాడు. నేనూ అంతే. పెళ్ళిచూపుల్లో కాఫీ ఒక గుక్క తాగి, "పొడి ఎక్కడ తెప్పిస్తారండీ?" అని అడిగాను. మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు ఆ సంగతి ఎత్తుతుంది.

ఆవిడది కొల్లేటికోట. కొల్లేరు నీళ్ళ మధ్య పుట్టిన మనిషి. ఏలూరులో స్థిరపడదామని మేం చూసిన ఇళ్ళన్నింటికీ ఏదో వంక పెట్టింది. ఊరి చివర పల్లంలో ఉన్న ఈ ఇల్లు చూడ్డానికి వచ్చిన సాయంత్రం అప్పుడే వాన వెలిసింది. పెరట్లో కప్పలు గొంతులు చించుకుంటున్నాయి. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదే బాగుందండీ" అంది, ఇల్లమ్మే ఆయన వింటుండగానే. ఆ మాట అన్నాక ఇంక బేరమేం ఉంటుంది? దారి పొడుగునా సణిగాను. "మా ఊళ్ళో పడుకుంటే ఈ చప్పుడే వినపడేదండీ" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. పుట్టిల్లు వదిలి వచ్చాక ఆవిడ నన్ను కోరింది అదొక్కటే.

అరటి పాదులో బోదురుకప్పలుండేవి. పంపు కింద కుండీలో వానాకాలం తోకకప్పలు కదిలేవి. బాత్రూంలో మాత్రం ఒక చెట్టుకప్ప కాపురం. పల్చగా, లేత గోధుమరంగులో, అద్దం వెనక గోడకి అతుక్కుని ఉండేది. స్నానానికి వెళ్తూ మా ఆవిడ దానితో, "కాస్త అటు తిరగవే" అనేది.

"అద్దె లేకుండా ఎన్నేళ్ళుంటుందట ఇది?" అనేవాణ్ణి నేను.

"దోమల్ని తింటోంది కదండీ. మీరు ఈ ఇంట్లో ఆ పాటి పని చేశారా?"

వానలు గట్టిగా పడితే పెరట్లో నీళ్ళు నిలిచి వంటింటి గడప దాకా వచ్చేవి. నీళ్ళతోపాటు పాములూ వచ్చేవి. పెరడు మెరక చేయించాలని ఇద్దరం అనుకున్నాం. కిందటి వేసవిలో ఆకివీడు వైపు నుంచి ఒక లారీ అతను వచ్చాడు.

"రొయ్యల చెరువు ఎండగట్టారండీ. నల్లమట్టి, బంగారం అనుకోండి."

"బంగారమైతే నాకెందుకు తెస్తావయ్యా? సగం నీళ్ళే ఉన్నాయి ఇందులో."

"నీళ్ళు ఆరిపోతాయి కదండీ."

"ఆరితే మట్టి కూడా సగమవుతుంది కదా! దానికి తగ్గించు."

లారీ చుట్టూ తిరిగి గడ్డలు చిదిమాను, అంచుల దాకా నిండలేదన్నాను, పక్క వీధిలో ఇంకొకతను వస్తానన్నాడని ఒక అబద్ధం కూడా ఆడాను. చివరికి అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "మట్టి ఊరికే తీసుకోండి బాబూ, కిరాయి ఇచ్చి నన్ను పంపించెయ్యండి" అన్నాడు. ఆ సాయంత్రం వీధిలో ఎవరు కనిపించినా ఆపి మరీ ఈ బేరం చెప్పాను.

రొయ్యల చెరువులో ఉండేది ఉప్పునీరు. పంట పంటకీ ఆ ఉప్పు అడుగుమట్టికి పడుతుంది. ఈ చుట్టుపక్కల అది తెలియనివాళ్ళు లేరు, నాకూ తెలుసు. కానీ ధర అంతలా దిగుతుంటే మనసు ఇంకే విషయం మీదా నిలవలేదు. బెల్లం చూసినట్టు మట్టిని నాలుక మీద వేసుకోవాలని తోచనే లేదు.

వేసవి ముగిసేసరికి ఆ మట్టి పోసిన పెరడంతా తెల్లగా పూసింది. సున్నం అనుకున్నాను. చల్లిన కొత్తిమీర మొలవలేదు. అరటాకుల అంచులు మాడాయి. బాత్రూంలో అద్దం వెనక ఖాళీ గోడే ఉంది. తొలివాన పడ్డ సాయంత్రం వంటింటి గడప పొడిగా ఉండడం చూసి నేను మురిసిపోతున్నాను. మా ఆవిడ పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"చూశావా, చుక్క నీళ్ళు రాలేదు!"

"అవునండీ. చప్పుడు కూడా లేదు."

అప్పుడు విన్నాను. వాన చూరు మీంచి కారుతోంది. అంతే. ఇంకేమీ లేదు.

తెల్లారగానే పెరట్లోకి వెళ్ళి మట్టి ఒక రవ్వ తీసి నాలుక మీద వేసుకున్నాను. మా కొట్లో ఉప్పు బస్తాల మీద కూర్చుని ఎక్కాలు చదివినవాణ్ణి, కళ్ళు మూసుకోనక్కర్లేకపోయింది. ఉమ్మేస్తుంటే కిటికీలోంచి మా ఆవిడ చూసింది.

"ఇప్పుడా అండీ రుచి చూసేది?"

ఆ వారంలోనే కొల్లేటికోట వెళ్ళాం. సంగతి వినగానే మా బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావగారూ, ఇన్నాళ్ళూ చేపల కోసం వచ్చేవారు, ఇప్పుడు కప్పల దాకా వచ్చారా! ఊరికే ఇస్తున్నానండీ. ఇందులో ఏం తగ్గించమంటారో చెప్పండి." నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తమ్ముడు గట్టు మీద పట్టిన కప్పల్ని బకెట్లో వేసి, తడి గోనె కప్పి, దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా పెరట్లో మంచినీళ్ళ తొట్టి పెట్టి అందులో వదిలాం. అవి తొట్టిలోంచి మట్టి మీదకి దూకాయి. ఒక్క క్షణం ఆగాయి. తరవాత సిమెంటు బాట పట్టుకుని, ఒకదాని వెనక ఒకటి, ఇంటి పక్కగా వీధి గేటు వైపు గెంతాయి. నేను అడ్డం పరిగెత్తబోయాను.

"వెళ్ళనివ్వండి" అంది మా ఆవిడ. గేటు కింద సందులోంచి అవి ఇరుక్కుని దూరుతుంటే చూడలేక, తనే వెళ్ళి గేటు బార్లా తీసింది. అవి రోడ్డు దాటి ఎదుటి ఖాళీ స్థలంలోని గుంటలోకి దిగిపోయాయి.

తరవాత పైమట్టి చెక్కించి కాలవ మట్టి పోయించాను. అదే లారీ అతను చెప్పిన ధరకి నేను సరేనంటే, "ఒంట్లో బాగానే ఉందాండీ?" అని అడిగాడు. ఎంత చెక్కించినా అడుగున ఉప్పు మిగిలే ఉంది, ఎండ కాసినప్పుడల్లా పైకి పూస్తుంది. వానలే కడగాలి.

పెరడు చూసి కొన్న ఇంట్లో మా ఆవిడ ఇప్పుడు వీధి వైపు కుర్చీ వేసుకుంటుంది. కప్పలు అటే అరుస్తున్నాయి మరి. నన్ను ఒక్క మాట అంటే బాగుండును. పాములు రావడం లేదనో, గడప తడవడం లేదనో ఏదో ఒకటి నేనూ వాదించేవాణ్ణి. ఎదుటి స్థలంలో ఈమధ్యే హద్దురాళ్ళు పాతారు. ఇల్లు కడతారట.

నిన్న సాయంత్రం వాన వెలిశాక పెరట్లోకి వెళ్ళి మట్టి నోట్లో వేసుకుని వచ్చాను.

"ఎలా ఉందండీ?"

"కొంచెం తగ్గిందే."

"నిజంగా తగ్గిందా, మీరు తగ్గించారా?"

వెనక్కి వెళ్ళి మళ్ళీ ఒక రవ్వ తీసుకున్నాను. ఈసారి నాన్నలాగే కళ్ళు మూసుకున్నాను. తిరిగి వచ్చి, "ఉప్పగానే ఉంది" అన్నాను.

ఆవిడ తల ఊపింది. ఎదుటి గుంటలో కప్పలు మొదలెట్టాయి.

"బాత్రూంలో లైటు వేసి, కిటికీ తీసి ఉంచండి" అంది. "పురుగులు చేరతాయి. దారి తెలిసినదే కదా ఆ చెట్టుకప్ప."

ఎవరూ లేని గదిలో లైటు వెలిగితే గొడవ చేసే మనిషిని నేను. వెళ్ళి లైటు వేశాను. అద్దం కాస్త ముందుకు జరిపి, దాని వెనక గోడ మీద నీళ్ళు చిలకరించి వచ్చాను.