పొత్తిగుడ్డలో బెల్లం వాసన

సూళగిరి దగ్గర బెల్లం గానుగలో పన్నెండేళ్లు పనిచేసిన నాగక్కకు బెల్లం వాసన తెలియదు. నమ్మరు గానీ నిజం. చీరలూ చాపలూ జుట్టూ అన్నీ ఆ వాసనలోనే నాని ఉంటే, విడిగా ముక్కుకు ఏం తగులుతుంది?

మొగుడు ఆంజప్ప ఆమెకు సొంత మేనమామ. ఆ వైపు ఇళ్లలో అక్క కూతుర్ని చేసుకోవడం మామూలే. మొదటి కొడుకు తొమ్మిదో రోజున, రెండోవాడు పదకొండో రోజున పోయారు. ఇద్దరూ పాలు మానేసి, ఒళ్లు బిర్రబిగిసి పోయారు. ఊరు బాలగ్రహం అంది. నాగక్క అందరి మాటా వింది, తాయెత్తులు కట్టింది, ఏడ్చింది, మళ్లీ గానుగకు వెళ్లింది.

2006లో మూడోవాడు పుట్టాడు. ఐదో రోజున వాడూ పాలు వదిలేశాడు. ఈసారి తాయెత్తు జోలికి పోకుండా బిడ్డను కొంగులో చుట్టుకుని హోసూరు బస్సెక్కింది. పిల్లల డాక్టరు పుష్పావతి అంతకుముందు పోయిన ఇద్దరి సంగతీ విన్నది. తర్వాత అడిగింది.

"బిడ్డ ఉచ్చలో ఏమన్నా వాసన వస్తాందా అమ్మా?"

"ఏం లేదమ్మా. బాగానే ఉండాది."

డాక్టరు బిడ్డ మడమ గుచ్చి, మందపాటి కాగితం మీద రక్తపు చుక్కలు అద్ది బెంగళూరుకు పంపింది. బిడ్డను అక్కడే చేర్చుకుని సెలైన్ ఎక్కించారు. కాస్త కళ్లు తెరిచినప్పుడల్లా నాగక్క తన పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోసేది. నాయనా, ఇంకొక్క గుక్క, అని బతిమాలేది. పదో రోజున వాడూ పోయాడు. కాగితం జవాబు ఆ తర్వాత మూడు రోజులకు వచ్చింది.

డాక్టరు కబురుపెట్టి మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టింది. "మనం తిన్నది ఒంట్లో ఎన్నో రకాలుగా మారతాదమ్మా. ఏది ఎక్కువుందో ఏది తక్కువుందో బెంగళూరులో ఉండే మిషను ఒక్క రక్తపు చుక్కలో చూసి చెప్తాది. మీ బిడ్డకు పాలల్లో సత్తువ అరగలేదు. అదే విషమైపోయినాది. మీది దగ్గర సమ్మందం కదా, ఇద్దరి ఒంట్లోనూ ఆ లోపం ఉండాది."

"ముందే తెలిసే దారి లేదా అమ్మా?" అన్నాడు ఆంజప్ప.

డాక్టరు నాగక్క వైపు తిరిగింది. "ఈ రోగముండే బిడ్డల ఉచ్చ కాగిన బెల్లం వాసన వస్తాది. అందుకే ఆ దినం అడిగినాను. తెలిసుంటే అప్పుడే పాలు ఆపి బెంగళూరుకు పంపించుందును."

నాగక్క తన చేతులు చూసుకుంది. "మా ఇంట్లో అన్నీ అదే వాసన కదమ్మా," అంది.

డాక్టరమ్మను తప్పుపట్టలేం. ఆమె అడగాల్సింది అడిగింది. నాగక్క అబద్ధమూ చెప్పలేదు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేని దుఃఖం అది.

ఆమె మళ్లీ గానుగ గడప తొక్కలేదు. మొగుణ్ణీ మాన్పించి, ఇద్దరూ గులాబీ తోటలో కూలికి చేరారు. నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, చీర కోసం ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున మూడోవాడి పొత్తిగుడ్డ ఉంది, ఉతకడానికి మనసొప్పక ఉచ్చ మరకలతోనే దాచుకున్నది. తీసి ముఖానికి హత్తుకుంది.

ముక్కు పగిలేలా బెల్లం వాసన కొట్టింది.